కొత్త ప్లేయర్‌లో భైరవి ఎందుకు మోగలేదంటే

మొత్తానికి కొత్త మ్యూజిక్ ప్లేయర్‌లో భైరవి రాగం పాట మోగింది! ఒక్క పాట కూడా దాటేయకుండా ప్లేలిస్ట్ మొదటినుంచి చివరిదాకా నడిచింది. వివరాలు మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకునే వాళ్లకు ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే.

పాత ప్లేయర్ హార్డ్‌డిస్క్ మొరాయించాక మళ్లీ అలాంటిదాని జోలికి వెళ్లదలచుకోలేదు. హార్డ్‌డిస్క్‌తో వచ్చే ఐపాడ్ క్లాసిక్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొంటే లోపలి డిస్క్ తీసి మెమరీ కార్డ్ అడాప్టర్ పెట్టుకోవడమే మంచిది. అంత ఓపిక లేక మైక్రో ఎస్‌డీ కార్డ్ పట్టే చిన్న ప్లేయర్ తీసుకున్నాను. టచ్ స్క్రీన్ మాత్రం వద్దనుకున్నాను, జేబులో చెయ్యి పెట్టి చూడకుండానే పాట మార్చగలగాలి. 256 జీబీ కార్డ్, ఫైళ్లను అమర్చే పద్ధతి ఫ్యాట్32. పాటలన్నీ ఒకే గట్టిదనంతో వినబడేలా చూసే రీప్లేగెయిన్ అన్నిటికీ -18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దపు గట్టిదనానికి కొలత) లెక్కన వేశాను, బాగా కుదిరింది.

ఇక అసలు తలనొప్పి. పాటలు పాత మ్యాక్‌లో ఉండేవి. వాటిని ఆర్‌సింక్ అనే ఫైల్ కాపీ టూల్‌తో లినక్స్ ల్యాప్‌టాప్‌లోకి, అక్కడినుంచి కార్డ్‌లోకి తెచ్చాను. ప్లేలిస్ట్‌ను ఒక స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) తయారు చేస్తుంది, ట్యాగ్‌లు, అంటే ఫైల్ లోపల రాసి ఉండే పాట వివరాలు చదివి, వాటినుంచి ఫైల్ పాత్ (ఫోల్డర్‌తో సహా దాని చిరునామా) రాస్తుంది. ప్లేయర్‌లో పెడితే కళ్యాణి, మోహన, హిందోళం హాయిగా పాడాయి. భైరవి రాగానే చప్పుడు లేకుండా తర్వాతి పాటకు వెళ్లిపోయింది. ఆనందభైరవి అంతే, సింధుభైరవీ అంతే. ఎర్రర్ మెసేజ్ లేదు. అదే ఫైల్‌ను ఫోల్డర్‌లోకి వెళ్లి నొక్కితే మాత్రం చక్కగా పాడుతుంది.

మొదట పాత్ మరీ పొడవైందేమో అనుకున్నాను. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు పడతాయి కాబట్టి తెలుగు పేర్లు త్వరగా పెరిగిపోతాయి. కానీ పాడే వాటిలో 190 బైట్లు దాటినవి కూడా ఉన్నాయి, పాడని ‘భైరవి వర్ణం’ వాటికంటే చాలా చిన్నది. తర్వాత బీఓఎమ్ మీద, అంటే టెక్స్ట్ ఫైల్ మొదట్లో కనబడకుండా ఉండే గుర్తు మీద అనుమానం. అదే అయితే ప్లేలిస్ట్‌లో మొదటి పాట ఒక్కటే దెబ్బతినాలి, మధ్యలోవి కాదు. కార్డ్ నకిలీదేమోనని కార్డ్‌లను పరీక్షించే ఎఫ్3 టూల్‌తో మొత్తం రాయించి చదివించాను, శుభ్రంగా ఉంది. ఒత్తులవల్ల అనుకుందామా అంటే కళ్యాణిలో కూడా ఒత్తు ఉంది. అదే ప్లేలిస్ట్‌ను పాత్‌లు మాత్రం మార్చి మ్యాక్‌లో పెడితే అన్నీ పాడాయి. దాంతో తప్పంతా ప్లేయర్‌దేనని గట్టిగా అనిపించింది.

దారి దొరికింది అనుకోకుండా. ‘భైరవి వర్ణం’ ఫైల్ పేరు చెరిపి, ల్యాప్‌టాప్‌లో మళ్లీ అదే పేరు టైప్ చేశాను. కంటికి ఏ తేడా లేదు. పాడింది! అప్పుడు పాత పేరును, కొత్త పేరును బైట్లలో చూశాను. ఎంపీ3 పొడిగింపుతో కలిపి కొత్తది 35 బైట్లు, పాతది 38.

ఆ 3 బైట్ల తేడా ఐత్వంలో ఉంది. ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో ఐత్వానికి 0సీ48 అని సొంత నంబర్ ఉంది. దాన్నే ఎత్వం 0సీ46, దాని కింద ఐత్వపు గుర్తు 0సీ56 అని రెండు ముక్కలుగా కూడా రాయొచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను ఇలా విడగొట్టే దాచుకుంటుంది, వెతికేటప్పుడు రెంటినీ ఒకటిగానే చూస్తుంది. అందుకే అక్కడ అన్నీ పాడాయి. లినక్స్ మాత్రం వచ్చిన బైట్లను వచ్చినట్టే ఉంచుతుంది, కార్డ్‌లోకి కూడా అలాగే వెళ్లాయి. ట్యాగ్‌లలో ఉన్నది నేను టైప్ చేసిన ఒక్క ముక్క రూపం కాబట్టి ప్లేలిస్ట్‌లో అది పడింది. ప్లేయర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే, అందుకే మిగతా పాటలన్నీ బతికిపోయాయి. జాబితా తిరగేస్తే పాడనివన్నీ ఆ కోవవే: పైరు పాటలు, శైవ పద్యాలు, రైతు గీతాలు.

ఫైల్ పేర్లు మార్చే కన్వ్‌ఎమ్‌వీ అనే టూల్‌లో ఎన్‌ఎఫ్‌సీ (ముక్కలను ఒకటిగా కలిపిన రూపం) ఆప్షన్‌తో పాటు ఆర్ ఆప్షన్ కూడా ఇస్తే ఫోల్డర్లతో సహా అన్ని పేర్లనూ ఒక్క ముక్క రూపంలోకి కలిపేస్తుంది. మామూలుగా నడిపితే ఏం మారుస్తుందో చూపించి ఊరుకుంటుంది, నోటెస్ట్ అని చేర్చాకే నిజంగా మారుస్తుంది. ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. ఇకమీదట మ్యాక్‌నుంచి ఏది తెచ్చినా ఆర్‌సింక్‌కు పేర్ల రూపం మార్చే ఐకాన్వ్ ఆప్షన్ ఇచ్చే తెస్తాను. పేర్లన్నీ ఇంగ్లిష్‌లో పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, నేను మాత్రం ఒప్పుకోను. రాగం పేరు తెలుగులో కనబడకపోతే నాకు వెతుక్కోబుద్ధి కాదు.

ట్యాగ్‌ల పని ఇంకా మిగిలి ఉంది. కొత్త ఆల్బమ్‌లకు ట్యాగ్‌లు తనే వెతికి నింపే పికార్డ్ హాయి, పాత రేడియో రికార్డింగులకు మాత్రం కిడ్3 అనే ట్యాగ్ ఎడిటర్‌లో చేత్తో రాసుకోవడమే నయం. గాయకుడి పేరు ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడిలో, రాగం గ్రూపింగ్ అనే గడిలో పెడుతున్నాను. తర్వాత క్యాసెట్ల వంతు. సీ-90 క్యాసెట్ ఒక వైపు 45 నిమిషాలు, సీడీ నాణ్యత అయిన 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోలో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే దాదాపు 476 ఎంబీ వస్తుంది. క్యాసెట్‌కు అంతకంటే ఎక్కువైన 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ వృథా అని నా అభిప్రాయం, ఆ శ్రద్ధ డెక్ హెడ్ శుభ్రం చేసి అజిముత్ (టేపుకు హెడ్ నిలిచే కోణం) సరిచేయడం మీద పెడితే ఎక్కువ ఫలితం. వచ్చే వారం వీణ క్యాసెట్లతో మొదలుపెడతాను.