ఆ రాత్రి కట్టిన ఆది జాకెట్ల మూట

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా శ్రీకాకుళం ఉద్దానంలో ఎవరికైనా నీరసం అంటే ముందు గుర్తొచ్చేవి కిడ్నీలే. నా విషయంలోనూ అదే జరిగింది. రెండేళ్ళ కిందట, పెళ్ళిళ్ళ సీజన్‌లో, కుట్టు మిషన్ దగ్గర గంట కూర్చుంటే చాలు, ఎడమ డొక్కలో రాయి పెట్టినట్టు బరువుగా ఉండేది. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే 0.8, మామూలుగానే వచ్చింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. డాక్టరుగారు మాత్రం పొట్ట నొక్కి చూసి, ప్లీహం పెరిగినట్టుంది, రక్తకణాల లెక్క కూడా చేయించమన్నారు.

ఆ ల్యాబ్ కుర్రాడు కాగితం నా చేతికివ్వలేదు. పదిమంది కూర్చుని ఉండగా, "మీతో మగాళ్ళెవరూ రాలేదా? ఇది బ్లడ్ క్యాన్సర్‌లాగుంది" అన్నాడు. తెల్లకణాలు 2,40,000. పదకొండు వేలు దాటకూడదట. ఆటోలో ఇంటికెలా వచ్చానో ఇప్పటికీ గుర్తురాదు.

ఆ రాత్రి కరెంటు లేదు. జీడితోట అమ్మితే ఎంతొస్తుందని మా ఆయన అరుగు మీద ఫోన్లో ఎవరినో మెల్లగా అడుగుతున్నారు. నేను వినలేదనుకున్నారు. పిల్లలు నిద్రపోయాక లేచి దీపం పెట్టుకున్నాను. పదకొండు మంది జాకెట్లు నా దగ్గరున్నాయి. నేను పోతే వాళ్ళ ఆది జాకెట్లు ఎవరివి ఎవరికిస్తారో అని అదొక్కటే బెంగ పట్టుకుంది. ఒక్కోదానికి పేరు రాసి చీటీ కుట్టాను. కుట్టినవాటికి హుక్కులు పెట్టాను. చేతి చెమటకి సూది జారిపోతోంది. కోడి కూసేసరికి అన్నీ మూటకట్టి, మూట మీద తల పెట్టుకుని అప్పుడు ఏడ్చాను.

విశాఖలో ఎముక మజ్జ తీశారు, జన్యు పరీక్ష చేశారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రకం బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అక్కడి డాక్టరమ్మ నా పని ఏమిటో అడిగి, దానితోనే చెప్పారు: "రెండు జాకెట్ల కటింగులు కలిసిపోయి, ఒకదాని చెయ్యి ఇంకోదానికి కుట్టేస్తే ఎలా ఉంటుంది? నీ మజ్జలో ఒక కణంలో 9వ క్రోమోజోమ్ ముక్క 22వ దానికి అలా అతుక్కుపోయింది." ఆ అతుకు నుంచి బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ పుడుతుంది. అది టైరోసిన్ కైనేజ్ జాతి ఎంజైమ్. వేరే ప్రొటీన్లలో ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ తగిలించడం దాని పని. కణం పెరగాలి, రెండవ్వాలి అనే కబురు లోపలికి వెళ్ళేది అలాగే. మంచి కణంలో ఈ జాతి ఎంజైమ్ అవసరమైనప్పుడే తగిలిస్తుంది, పనయ్యాక వేరే ఎంజైమ్ దాన్ని తీసేస్తుంది. నా కణాల్లో మాత్రం పెడల్ మీద నుంచి కాలు తీసినా మిషన్ ఆగడం లేదు.

రోజూ ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల టాబ్లెట్ ఒకటి. ఆ ఎంజైమ్‌కి ఫాస్ఫేట్ అందించే ఏటీపీ అనే అణువు కూర్చునే చోట ఈ మందు కూర్చుని, దాని పని ఆపేస్తుందట. సెలైన్లు లేవు, జుట్టు రాలలేదు. పొద్దున్న లేస్తే కళ్ళ కింద ఉబ్బు, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం, అంతే.

నాకు అసలు కష్టం ఇంట్లో వచ్చింది. మా పెద్ద ఆడపడుచు ఏదో వీడియో చూసి వచ్చి, "పాలు, గుడ్లు, పప్పు ముట్టకమ్మా, వాటిలో టైరోసిన్ ఉంటాదట, జబ్బు దాన్నే తిని పెరుగుతాది" అంది. ప్రేమతోనే అంది, కాదనను. కానీ నలభై రోజులు గంజీ పచ్చడీ తిని నేను గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చాను. డాక్టరమ్మకి చెబితే కోపంతో ఆవిడ ముఖం ఎర్రబడింది. టైరోసిన్ తిండిలో రాకపోయినా మన ఒళ్ళే ఫినైల్అలనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి తయారు చేసుకుంటుంది. అడ్రినలిన్‌కి, థైరాయిడ్ హార్మోనుకి, ఒంటి రంగునిచ్చే మెలనిన్‌కి ముడిసరుకు అదే. తప్పు టైరోసిన్‌ది కాదు, ఆగకుండా దాన్ని మీటుతున్న ఎంజైమ్‌ది. దయచేసి ఎవరూ నాలా కడుపు మాడ్చుకోకండి. టాబ్లెట్ మాత్రం భోజనం చేశాక, గ్లాసు నిండా నీళ్ళతో, ఒక్క రోజు కూడా మానకుండా వేసుకోండి. తగ్గినట్టుందని సొంతంగా ఆపకండి.

మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. వాడే చదివి చెప్పాడు. ముక్కలు మారి పొట్టిదైపోయిన ఈ 22వ క్రోమోజోమ్‌ని 1960లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో కనిపెట్టారట. ముక్కలు తారుమారయ్యాయని 1973లో తేల్చింది జానెట్ రౌలీ అనే డాక్టరు. ఆవిడ క్రోమోజోమ్‌ల ఫోటోలు కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్ల మీద జతలు పేర్చుకుని చూసేదట. పిల్లలు కాగితం బొమ్మలాట అని ఆటపట్టించేవారట. కత్తెర పట్టే దాన్ని కదా, అది విన్నప్పుడు కళ్ళు చెమర్చాయి. మందు 2001లో వచ్చింది. నెలకి లక్ష దాటిన ఆ మందుకి పేటెంట్ ఇవ్వనని 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు చెప్పింది. మన కంపెనీల చౌక టాబ్లెట్‌కి అడ్డు లేకపోయింది. మా జీడితోట మాకే ఉంది.

మూడు నెలలకి రక్తంలో ఆ బీసీఆర్-ఏబీఎల్ జన్యువు లెక్క పది శాతం కిందికి దిగింది. ఏడాదిన్నరకి 0.1 శాతం కంటే తక్కువకొచ్చింది. ఆ ఆదివారమే అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకున్నాను. మందు పనిచేసిందని తెలుసు, అయినా ఆయన ముందు నిలబడకుండా ఉండలేకపోయాను.

పోయిన నెల రక్తపరీక్షకి మళ్ళీ ఆ ల్యాబ్‌కే వెళ్ళాను. అదే కుర్రాడు. నన్ను గుర్తుపట్టలేదు. తెల్లకణాలు 6,200. కాగితం తీసుకుని, "రెండేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర నువ్వు నాకు బ్లడ్ క్యాన్సర్ అని పదిమందిలో చెప్పావు బాబూ. ఆ రాత్రి నేను ఊళ్ళోవాళ్ళ జాకెట్లన్నీ మూటకట్టేశాను. ఇంకెవరికీ అలా చెప్పకు" అన్నాను. తల దించుకున్నాడు. నా వెనక ఒక పెద్దావిడ ఒక్కత్తే కూర్చుని ఉంది. ఆవిడ కాగితాన్ని మడిచి కవర్లో పెట్టి, మాటాడకుండా చేతికిచ్చాడు.