శనాదివారాల్లో కళింగనగరం: విశాఖ నుంచి శ్రీముఖలింగం

విశాఖలో శ్రీముఖలింగం చూడనివాళ్లు తక్కువే. కానీ చాలామంది చూసే తీరు ఒకటే. పొద్దున అరసవల్లి, తర్వాత శ్రీకూర్మం, ఎండ మాడ్చే వేళకి ముఖలింగం, చీకటి పడేసరికి ఇల్లు. ఆ లెక్కలో దీనికి దక్కేది అరగంట. అదీ గర్భాలయం తలుపులు మూసే వేళకి. తూర్పు గాంగులు ఏలిన కళింగనగరం ఇదేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. 1078లో అనంతవర్మ చోడగంగదేవుడు పట్టానికి వచ్చేనాటికి రాజధాని ఇదే. ఆయన హయాంలో రాజ్యం ఉత్తరానికి విస్తరించింది, తర్వాత రాజధాని కటకానికి తరలిపోయింది. పూరీ జగన్నాథుడి ప్రస్తుత ఆలయాన్ని మొదలుపెట్టించిందీ ఆయనే.

రాజధాని అన్నాం కదా అని కోటగోడలు, రాజభవనాలు వెతకొద్దు. ఇప్పుడది వంశధార ఎడమ గట్టున ఒక పల్లె. మూడు గుళ్లు, గోడల మీద శాసనాలు, పక్కన ఏరు. అందుకే పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఏరు వెంబడే కిందికి రావాలి. రాజధాని, శాలిహుండం బౌద్ధ కొండ, కళింగపట్నం రేవు, మూడూ వంశధార మీదే ఉన్నాయి. పడవ దారి ఉన్న చోటే రాజధాని ఎందుకు పెట్టారో అలా చూస్తే వాళ్లకే తెలుస్తుంది.

శనివారం తెల్లవారుజామున 5 గంటలకి బయల్దేరండి. హనుమంతవాక, మధురవాడ దాటి ఆనందపురం, తగరపువలస, రణస్థలం మీదుగా శ్రీకాకుళం సుమారు 110 కిలోమీటర్లు. అక్కడ ఊళ్లోకి దిగకుండా హైవే మీదే నరసన్నపేట వెళ్లి, ఎడమకి తిరిగి జలుమూరు మీదుగా పోవాలి. దారిలో టోల్‌గేట్లు ఉంటాయి. 24 గంటల్లో తిరిగొస్తేనే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్ల రుసుము. ఆ కాస్త డబ్బు కోసం రెండో రోజు వదులుకోవడం దండగ. టిఫిను నరసన్నపేటలోనే కానిచ్చేయండి, మంచినీళ్లు, మధ్యాహ్నానికి పులిహోరో దద్దోజనమో వెంట ఉంచుకోండి. ముఖలింగంలో కుటుంబంతో కూర్చుని తినే హోటల్ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. బస్సులో వెళ్లేవాళ్లు ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి శ్రీకాకుళం, అక్కణ్నుంచి నరసన్నపేట, ఆపైన ఆటో. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోని మాట్లాడి పెట్టుకోవాలి.

ఊళ్లో ముందు సోమేశ్వరాలయం దగ్గర ఆగండి. పెద్ద గుడిలోని మధుకేశ్వరుడి దగ్గరికి తొందరపడి దీన్ని కారులోంచే చూసి వెళ్లిపోతారు చాలామంది. అదే పెద్ద పొరపాటు. ముందు మండపమేమీ లేదు కాబట్టి శిఖరం అడుగు నుంచి పైదాకా ఒక్క చూపులో కనిపిస్తుంది. మన తెలుగు గోపురాల పోలికే లేదు, భువనేశ్వర్ గుళ్లకి చుట్టం. ద్వారబంధం దగ్గర పిల్లల్ని నిలబెట్టి గంగ ఎవరు, యమున ఎవరు అని అడగండి. మొసలి లాంటి మకరం మీద ఉన్నది గంగ, తాబేలు మీద ఉన్నది యమున. ఏటవాలుగా పడే పొద్దుటి ఎండలో శిల్పాల గీతలు తేలి కనిపిస్తాయి. సూర్యుడు నడినెత్తికి వస్తే అన్నీ చదునుగా, నల్లగా అయిపోతాయి. పెందలాడే రమ్మనేది అందుకే.

మధుకేశ్వరాలయానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి. ఇప్పచెట్టు మొదట్లో శివుడు వెలిశాడన్న శబరుల (అడవి జాతివాళ్ల) కథ ఇక్కడిదే. లింగం వెనక పెద్ద గోలెం ఉంటుంది. గుమ్మం కంటే పెద్దదైన ఆ గోలేన్ని శివుడే లోపలికి తెచ్చుకున్నాడని, అది ఒక కుమ్మరి మొక్కు అని చెబుతారు. పిల్లలకి ఏ శిల్పం గుర్తున్నా లేకపోయినా గోలెం మాత్రం గుర్తుంటుంది. ప్రాకారంలో వారాహిని చూడకుండా రావద్దు. ఆపైన శాసనాలు. ఎక్కువగా సంస్కృతం, తెలుగు. రాజులవే కావు, అఖండదీపం కోసం మాడలు (ఆనాటి నాణేలు) ఇచ్చినవాళ్లవీ ఉన్నాయి. రాజధానిలో ఎవరెవరు బతికారో చెప్పేవి ఇవే. శకవర్షం అంకె దొరికితే దానికి 78 కలపండి, మనం వాడే క్రీస్తుశకం లెక్క వస్తుంది. మామూలు పాఠకులకి నాలుగైదు అక్షరాలకి మించి అందవు. చేత్తో తడమొద్దు, సుద్దముక్క రాయొద్దు.

వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ చుట్టుపక్కలదే. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ పాత లిపులు సొంతంగా నేర్చుకుని ఈ శాసనాలు చదివారాయన.

భీమేశ్వరాలయం నిరాడంబరంగా ఉంటుంది, పావుగంట చాలు. పదకొండు దాటాక రాతి నేల కాలుతుంది, చెప్పులు బయటే కాబట్టి పిల్లలకి మందం మేజోళ్లు తెచ్చుకోండి. శివరాత్రికి, కార్తీక సోమవారాల్లో గుళ్లు చూడ్డానికి కాదు, జనాన్ని చూడ్డానికి వచ్చినట్టుంటుంది.

రాత్రి బస శ్రీకాకుళంలో. అరసవల్లి శనివారం సాయంత్రమే కానిచ్చేయాలి. ఆదివారం సూర్యుడి రోజు, క్యూలోనే పొద్దు గడిచిపోతుంది.

ఆదివారం పొద్దున శ్రీకూర్మం. స్తంభాల మీద ఇక్కడా శాసనాలే. మధ్వ సన్యాసి నరహరితీర్థులు గాంగుల తరఫున ఇక్కడ అధికారం చేశారు, 1281 నాటి ఆయన శాసనం ఉంది. తర్వాత శాలిహుండం. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చిందీ గిడుగువారే. స్తూపం, చైత్యాల పునాదులు కొండమీద ఉంటాయి, నీడ తక్కువ, ఎండెక్కకముందే ఎక్కాలి. పైనుంచి వంశధార చూపించి, నిన్నటి గుళ్లు ఏ వైపున్నాయో, సముద్రం ఏ వైపుందో పిల్లల్నే చెప్పమనండి.

కళింగపట్నంలో ఏరు సముద్రంలో కలుస్తుంది. నీళ్లలోకి మాత్రం దిగనివ్వద్దు, ఏటి మొగ దగ్గర లోతు, లాగుడు అంచనాకి అందవు. మూడు గంటలకల్లా బండి తీయండి. ఆదివారం సాయంత్రం తగరపువలస నుంచి మధురవాడ దాకా ఊళ్ల నుంచి తిరిగొచ్చే బళ్లే. అరగంట ఆలస్యమైతే ఇంటికి గంట ఆలస్యం.