అఖ్‌నషీన్‌లో వాన

స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్‌లో రైలెక్కేసరికే చిరాగ్గా ఉంది. చల్లారిన సాండ్‌విచ్‌కీ కాగితం గ్లాసుడు టీకీ పెట్టిన డబ్బుతో మా ఊళ్ళో ఇంటిల్లిపాదీ భోంచేయొచ్చు, పైగా కొండలు కనబడతాయని కిటికీ పక్క సీటు పట్టుకుంటే బయటంతా మంచూ వానా. ఇంకేం చూస్తాం, స్టేషన్ బోర్డులు చదువుతూ కూర్చున్నా. ప్రతి పేరూ ఇంగ్లీషులో ఒకసారి, అక్కడి పాత భాష గేలిక్‌లో ఒకసారి.

డింగ్‌వాల్‌లో ఎక్కిన ఓ పెద్దావిడ నా ఎదురుగా కూర్చుంది. ఇన్ని ఊళ్ళకి ముందు ఈ 'ఇన్వర్' ఏమిటండీ అని అడిగాను. ఏరు వెళ్ళి కలిసే చోటట, నెస్ నది సముద్రంలో కలుస్తుంది కాబట్టి ఇన్వర్‌నెస్. ఆబర్డీన్‌లో 'ఆబర్' అన్నా అదే అర్థం, కాకపోతే అది గేలిక్ రాకముందు అక్కడుండిన పిక్టుల భాష నుంచి వచ్చిన మాట. ఆవిడ ఎక్కిన డింగ్‌వాల్ ఏమో వైకింగుల మాట, సభ జరిగే మైదానం అని.

అఖ్‌నషీన్‌లో రైలాగింది. వాన అద్దాన్ని బాదుతోంది. ఆవిడ బోర్డు చూపించి, 'అఖ్' అంటే పొలం, 'షీన్' అంటే గాలివాన అంది. గాలివాన పొలం! అప్పటిదాకా నోరు తిరగని శబ్దంగా ఉన్న పేరు ఒక్కసారిగా కళ్ళముందు తడుస్తూ నిలబడింది. నా చిరాకు అక్కడే దిగిపోయింది. ఎప్పుడో ఎవరో ఈ పొలంలో ఇలాగే తడిసి పెట్టిన పేరు, దాన్ని ఇంగ్లీషు స్పెల్లింగులో కుక్కేసి అర్థం లేకుండా చేశారంటే నాకు నిజంగా బాధేసింది.

మీ ఊరి పేరుకేం అర్థం అని అడిగింది. మా అమ్మమ్మగారిది బొబ్బర్లంక. లంక అంటే గోదావరి మధ్య తేలిన నేల అని చెబితే, ఇక్కడి దీవులు 'రాసే', 'స్కాల్పే' లాంటి పేర్ల చివరున్న 'ఏ' కూడా దీవి అనే, అదీ వైకింగులదే అని ఆవిడ సంబరపడిపోయింది. బొబ్బర్లు పండే లంక అని తాతయ్య చెప్పేవాడు, వేసవిలో ఇసుకమేటల మీదుగా నడిపించుకుంటూ.

స్కై దీవిలో ఉన్న రెండు రోజులూ వానే, చెప్పడానికేం లేదు. అంతకుముందు కైల్‌లో రైలు దిగినప్పుడు మాత్రం మంచు విడింది. 'కైల్' అంటే ఇరుకు జలసంధి. ఎదురుగా సన్నటి నీళ్ళు, అవతల దీవి, మధ్యలో 1995లో కట్టిన వంతెన. బోర్డు దగ్గర నిలబడి ఆ పేరు పైకే చదివాను.