విశాఖకి విమానం మానేసి రైల్లో వెళ్లాను

సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌లో విశాఖకి దాదాపు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. విమానం గాల్లో ఉండేది గంటా పావే. కానీ శంషాబాద్ ప్రయాణం, సెక్యూరిటీ క్యూ, దిగాక మళ్లీ క్యాబ్ కలిపితే నాలుగైదు గంటలు పోతాయి. ఆ మిగతా తేడా నాకు బరువనిపించలేదు. గోదావరి వంతెన మీద పక్క సీటు పెద్దావిడ, కిటికీ తెరుచుకోదు కాబట్టి, రూపాయి బిళ్ల గుప్పిట్లోనే పట్టుకుని దణ్ణం పెట్టుకుంది.

అసలు చిక్కు టికెట్ దగ్గరే. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికైతే చూస్తుండగానే వెయిటింగ్ లిస్టు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని రాత్రి ఫోన్ వస్తే ఏం చేయాలి? ఎంత ఖరీదైనా విమానంలో సీటు దొరుకుతుంది. రైలుకి తత్కాల్ టెన్షనే.

ఇక ఢిల్లీ అంటే దాదాపు 1,670 కిలోమీటర్లు, ఒక పగలూ ఒక రాత్రీ. రెండు రోజుల సెలవులో అది అయ్యే పని కాదు.

కొత్త రైలు వేసినా గూడ్సూ, ఎక్స్‌ప్రెస్సులూ అన్నీ అవే పట్టాల మీద పోవాలి కదా. అందుకే మూడో లైను పనులు ముందు పూర్తి కావాలి, రాత్రి ఎక్కి పొద్దున్నే దిగే రైళ్లలో బెర్తులు పెరగాలి. అవి దొరికితే విశాఖకి నేనిక విమానం ఎక్కను.