డల్లాస్‌లో ఒక ముక్కు నీడ కోసం

డల్లాస్ వెళ్తే డీలీ ప్లాజా చూడాలని చాలా ఏళ్లుగా ఉంది. 1963 నవంబర్ 22న అమెరికా అధ్యక్షుడు కెనడీని కాల్చిన చోటు. కానీ నా మనసంతా ఒక ఫొటో మీదే. కెనడీని కాల్చాడని పోలీసులు పట్టుకున్న ఆస్వాల్డ్ ఫొటో అది: పెరట్లో నల్లబట్టలతో అతను, నడుముకి పిస్టల్, చేతుల్లో రైఫిల్, రెండు పత్రికలు. తన తలని ఎవరి ఒంటికో అతికించారని అతనే పోలీసులకి చెప్పాడు. కాలేజీలో నేనూ అదే నమ్మి గంటలు గంటలు వాదించాను. ముక్కు కింద నీడ తిన్నగా కిందికి ఉంది, ఒంటి నీడేమో నేల మీద పక్కకి పోయింది, సూర్యుడు ఒక్కడే కదా, ఇదెలా కుదురుతుంది?

ముందు మ్యూజియం, ఆస్వాల్డ్ కాల్చాడంటున్న భవనంలోనే ఉంది. ఆరో అంతస్తులో అతను కాల్చాడనే మూల కిటికీ చుట్టూ గాజు కట్టేశారు, లోపల పుస్తకాల అట్టపెట్టెలు. వేరే కిటికీ లోంచి కిందికి చూస్తే కెనడీ కారు వెళ్లిన ఎల్మ్ స్ట్రీట్ ఇంత దగ్గరా అనిపించింది, కడుపులో దేవినట్టయింది. కిందికొచ్చి, హత్య జరుగుతుండగా దాన్ని తన మూవీ కెమెరాతో తీసిన జాప్రూడర్ నిలబడ్డ కాంక్రీటు దిమ్మె చూశాం. ఆ ఫిల్మ్ మీదా అనుమానాలే. హత్య మీద విచారణ జరిపిన వారెన్ కమిషన్ సంపుటాల్లో 314, 315 ఫ్రేములు తారుమారుగా అచ్చయ్యాయి, ప్రింటింగ్ పొరపాటని ఎఫ్‌బీఐ ఒప్పుకున్నా చాలామంది నమ్మలేదు.

మేం వెళ్లింది మార్చి చివర్లో. ఆ పెరటి ఫొటో తీసింది కూడా 1963 మార్చి 31న, అది కలిసొచ్చింది. మధ్యాహ్నం ఎండలో బావని గడ్డి మీద నిలబెట్టాను. "ఎంతసేపురా?" అంటున్నా వినకుండా తల కొంచెం అటూ ఇటూ తిప్పించి ఫోన్‌లో తీస్తూ పోయాను. ఆరో ఏడో ఫొటోలో ముక్కు నీడ పెదవి మీదికి దాదాపు తిన్నగా దిగింది, ఒంటి నీడ పక్కకే ఉంది. అదే సూర్యుడు, అదే మనిషి. చాలాసేపు ఫోన్ వంకే చూస్తూ ఉండిపోయాను.

అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో ఫొటోల నిజానిజాలు పరీక్షించే ప్రొఫెసర్ హనీ ఫరీద్ 2009లో తలకి త్రీడీ మోడల్ కట్టి ఇదే తేల్చాడు. అంతకుముందే, ఈ హత్య మీద 1979లో నివేదిక ఇచ్చిన అమెరికా ప్రతినిధుల సభ కమిటీ కెమెరా ఫిల్మ్ మీద వదిలే గీతలు కూడా సరిపోల్చి, అతికించిన ఆనవాళ్లు లేవంది. కెనడీ హత్య వెనక బహుశా కుట్ర ఉందని చెప్పింది కూడా ఆ కమిటీయే! ఫొటో నిజమైతే కుట్ర లేనట్టే అని గానీ, కుట్ర ఉంటే ఫొటో దొంగదే అని గానీ అనక్కర్లేదన్న సంగతి నాకు అన్నాళ్లూ తట్టలేదు. ఫొటో తీసింది తనేనని ఆస్వాల్డ్ భార్య మరీనా కూడా చెప్పింది.

నాకు నిజంగా కోపం వచ్చేది పత్రికల మీద. 1964 ఫిబ్రవరిలో లైఫ్ ఈ ఫొటోని ముఖచిత్రంగా వేస్తూ రీటచ్ చేసింది, న్యూస్‌వీక్ కూడా అంతే. ఒక్కో పత్రికలో రైఫిల్ ఒక్కోలా కనిపిస్తే జనం అనుమానించక ఏం చేస్తారు?

సాయంత్రం ఓక్ క్లిఫ్‌లో వెస్ట్ నీలీ స్ట్రీట్ వైపు వెళ్లాం. ఆ పెరడు 214 నంబరు ఇంటిది. రోడ్డు మీద నుంచే చూశాను. అప్పటికి ఎండ వాలిపోయింది, నీడలన్నీ పొడుగ్గా సాగాయి. కారు దిగలేదు.