మకాం పూరీలో, తిరుగుడు చుట్టుపక్కల

పూరీలో ఏ లాడ్జిలో దిగినా కౌంటర్ పక్కన ఒక కాగితం అంటించి ఉంటుంది. కోణార్క్, ధౌలి, లింగరాజ ఆలయం, ఉదయగిరి-ఖండగిరి గుహలు, నందన్‌కానన్ జూ, అన్నీ ఒకే రోజులో. పొద్దున్నే బస్సెక్కించి రాత్రికి దింపేస్తారు. కోణార్క్‌కి గంట, అశోకుడికి పది నిమిషాలు ఇచ్చే ప్రయాణం నాకు అక్కర్లేదనిపించింది. రోజుకో దిక్కు వెళ్దాం, చీకటి పడేలోగా సముద్రం దగ్గరికి వచ్చేద్దాం అన్నాను. మా ఆవిడ సరేనంది, తెల్లవారుజామున లేపనంటేనే.

కోణార్క్‌కి మాత్రం లేపక తప్పలేదు. పూరీ నుంచి 35 కిలోమీటర్లు. దారి పొడవునా సరుగుడు తోటలు, బాలూఖండ్ అభయారణ్యం, అప్పుడప్పుడు కుడివైపు సముద్రం. గుడి తూర్పుముఖం, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే ఆ శిల్పాలు బాగా తేలతాయి. పదకొండు దాటితే బస్సులు వరసకడతాయి, రాయి కాలుతుంది.

13వ శతాబ్దంలో కట్టించినవాడు తూర్పు గాంగ వంశపు మొదటి నరసింహదేవుడు. ఈయన మనకు మరీ పరాయివాడేం కాదు. సింహాచలం శాసనాల్లో ఈయన పేరుంది. శ్రీకాకుళం జిల్లా ముఖలింగం ఒకప్పుడు ఈ వంశానికి రాజధాని అని చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసేది అసలు గర్భగుడి కాదు, దాని ముందుండే జగమోహన మండపం. పెద్ద శిఖరం ఎప్పుడో కూలిపోయింది. మండపం కూడా కూలుతుందేమోనని బ్రిటిషు వాళ్ళు 20వ శతాబ్దం మొదట్లో లోపల ఇసుక నింపి తలుపులు మూసేశారు. గుడి ముందుండాల్సిన అరుణస్తంభం మరాఠాల కాలంలో పూరీ చేరింది. జగన్నాథుడి సింహద్వారం ఎదుట దాన్ని చూసే వచ్చాం కాబట్టి, ఇక్కడ ఖాళీ చోటు ఎక్కడో వెతుక్కోవడం సరదాగా అనిపించింది.

గుడిని సూర్యుడి రథంలా చెక్కారు. దాని 24 చక్రాల్లో దక్షిణం వైపున్న ఒకదాని దగ్గర గైడు ఆగి, ఇరుసుకు ఎదురుగా పెన్ను పట్టుకున్నాడు. చక్రానికి ఎనిమిది పెద్ద ఆకులు (ఇరుసు నుంచి అంచుదాకా పోయే కమ్మీలు), ఒక్కో ఆకుకూ మధ్య మూడు గంటలు. అంచు మీద చెక్కిన పూసల్ని లెక్కపెట్టి టైము చెప్పాడు. మా ఆవిడ ఫోన్ చూసింది. నీడ కాస్త ముందుంది. గైడు నవ్వి "మీ ఫోనే లేటు మేడమ్" అన్నాడు. నిజానికి ఆయన మాట తప్పు కాదు. మన గడియారాలు నడిచేది కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. కోణార్క్ దానికి తూర్పున, 86 డిగ్రీల దగ్గరుంది. అందుకే ఇక్కడ సూర్యుడు సగటున పావుగంట ముందే నడినెత్తికొస్తాడు. శిఖరం మీద అయస్కాంతం ఉండేదనీ, ఓడల్ని లాగేదనీ ఆయన చెప్పిన రెండో కథకు మాత్రం ఆధారాల్లేవు. వినడానికి బాగానే ఉంటుంది.

రఘురాజ్‌పూర్ భువనేశ్వర్ రోడ్డులో, చందన్‌పూర్ దగ్గర. పూరీ నుంచి పది పన్నెండు కిలోమీటర్లే. ఒడిస్సీ నాట్య గురువు కేలూచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు. రెండు వరసల ఇళ్ళు, గోడల నిండా బొమ్మలు, అరుగు అరుగుకీ ఒక చిత్రకారుడు. మొదటి ఇంట్లోనే కూర్చోబెట్టేస్తారు, కొనమని కాస్త ఒత్తిడి కూడా ఉంటుంది. ముందు చివరిదాకా నడిచి రండి, ఆ తర్వాత కూర్చోండి.

మేం కూర్చున్న ఇంట్లో పెద్దాయన తాటాకు మీద గంటంతో గీస్తున్నాడు. దగ్గరికెళ్ళి చూసినా ఆకు ఖాళీగానే ఉంది. కాసేపటికి దీపపు మసి తెచ్చి ఆకంతా పులిమి, గుడ్డతో తుడిచాడు. మసి గీతల్లో నిలబడింది, మిగతాదంతా పోయింది. వేణువు, నెమలి, చుట్టూ వెంట్రుకంత సన్నటి లత... గీసినంతసేపూ ఆయనకైనా కనపడ్డాయో లేదో. గుడ్డ మీద వేసే పటచిత్రాలది వేరే పద్ధతి. చింతగింజల జిగురు, సుద్దపొడి కలిపి గుడ్డకు పట్టించి, ఆరాక రాయితో నున్నగా రుద్దుతారు. తెలుపుకి శంఖం, ఎరుపుకి ఇంగిలీకం, పసుపుకి హరిదళం అనే ఖనిజాలు. రంగు అంటుకోవడానికి వెలగ బంక. ఇదంతా చూశాక ధర బేరమాడాలంటే నోరు రాలేదు. మా ఆవిడకు వచ్చింది.

ధౌలి దాదాపు భువనేశ్వర్ దాకా వెళ్ళాలి. అందరూ జపాన్ బౌద్ధుల సాయంతో 1972లో కట్టిన తెల్లటి శాంతిస్తూపం దగ్గరికి పైకి వెళ్ళిపోతారు. అసలుది కింద, రోడ్డు పక్కన ఉంది. బండలోంచి బయటికి వస్తున్నట్టు ఏనుగు ముందుభాగం, దాని కింద బ్రాహ్మీ లిపిలో అశోకుడి శాసనాలు. కళింగ యుద్ధం గురించి ఆయన పశ్చాత్తాపపడింది 13వ శాసనంలో. అది ఇక్కడ లేదు! ఓడిపోయిన జనానికి ఆ చావుల లెక్కలు చదివి వినిపించడం ఇష్టంలేక కాబోలు, దాని బదులు "మనుషులంతా నా బిడ్డలే" అనే శాసనం చెక్కించాడు. ఆ 13వ శాసనం చూడాలంటే మన కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్ళాలి.

చిల్కా సరస్సు గురించి ఎక్కువ చెప్పను. సాతపాడా రేవు పూరీ నుంచి 50 కిలోమీటర్లు. ఇక్కడి ఇరావతి డాల్ఫిన్లు గాల్లోకి ఎగిరి గంతులెయ్యవు. మొండి తల, చిన్న రెక్క, క్షణం పాటు నీళ్ళ మీద వీపు, అంతే. ఒకటి కనపడగానే పడవలన్నీ మోటార్ల మోతతో దాని వెంటపడతాయి. అది నాకు నచ్చలేదు. మా పడవతన్ని ఇంజను ఆపమన్నాం. ఆపాక, దూరంగా రెండు వీపులు తీరిగ్గా కనపడ్డాయి. దీవి దగ్గర ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం తీసి చూపిస్తారు. కొనకండి. పడవ కిరాయి మొత్తం పడవకి కాబట్టి ఇంకెవరితోనైనా కలిస్తే చవక.

సాయంత్రాలు పూరీలోనే ఉన్న పెంటకోట వైపు నడిచేవాళ్ళం. అక్కడి జాలర్లు ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి తరతరాలుగా స్థిరపడినవాళ్ళు. మా మాటలు విని ఒకాయన "ఏ ఊరు బాబూ మీది?" అని పలకరించాడు. ఆ తర్వాత ఆటో ఎవరిని అడగాలో, ఎంతివ్వాలో అన్నీ ఆయనే చెప్పాడు.

నందన్‌కానన్ చూడలేదు. మాకు మిగిలింది సోమవారం, జూకి సెలవు కూడా సోమవారమే. జగన్నాథుడి గుడిలోని ఆనందబజార్‌లో మహాప్రసాదం తినేసి, రైలు టైమయ్యే దాకా పడుకున్నాం.