పరగడుపు షుగర్ నార్మలే, అయినా బార్డర్‌లో ఉన్నా

మాది నెల్లూరు, పెళ్లయ్యి చెన్నైలో పెరంబూరు వచ్చి 19 ఏళ్లు. షుగర్‌తో అమ్మకి కాలి వేలు తీసేసినప్పట్నుంచీ నాకు భయం, అందుకే ఏటా పరగడుపున రక్తం ఇచ్చొచ్చేదాన్ని, 95, 97 అట్లా వచ్చేది, నార్మలే అనేవాళ్లు, నేనూ సరే అనుకునేదాన్ని.

పోయిన జూన్‌లో మా వదిన చెప్పింది, ఇక్కడే ఒక ఆస్పత్రిలో షుగర్ రాకముందే ఆపడం మీద స్టడీ చేస్తున్నారు, ఇంట్లో ఎవరికైనా ఉంటే రమ్మంటున్నారని. వెళ్లా. పరగడుపున ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలు ఏమీ తిననీకుండా కూర్చోబెట్టి మళ్లీ తీశారు. మొదటిది 97. రెండోది 168! 140 దాటితే ప్రీ డయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు మెట్టు, 200 అయితే షుగరే అంట. అంటే ఇన్నేళ్లూ నేను చేయించుకున్నది సగం పరీక్షేనన్నమాట, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సయించలేదు.

స్టడీలో చేరాలంటే కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుకుంటున్నానని రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టాలి. అది తమిళంలో, ఇంగ్లీషులో ఉంది. నాకు తమిళం మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అక్కడి అమ్మాయి నేను చెప్తాలే అక్కా, పెట్టేయండి అంది. నేను పెట్టలేదు, తెలుగులో కావాలన్నా, విసుక్కున్నారు, రెండు వారాలు తిప్పారు, చివరికి ఇచ్చారు. చదివితే తెలిసింది, చేరినవాళ్లని గ్రూపులుగా విడదీస్తారని, ఎవర్ని ఏ గ్రూపులో వేసేదీ కంప్యూటరే తేలుస్తుందని, ఎప్పుడు మానేసినా మన వైద్యానికి ఇబ్బంది లేదని. ఇవి ఆ అమ్మాయి చెప్పనే లేదు. దయచేసి మీరూ మీ భాషలో అడగండి, అది మన హక్కు.

నాకు కంట్రోల్ గ్రూపు వచ్చింది. అంటే మామూలు సలహాలే, ప్రత్యేకం క్లాసులు లేవు. చాలా బాధేసింది, డాక్టరమ్మని అడిగేశా, మరి నన్నెందుకు తీసుకున్నారని. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఇదే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం నాలాంటి 531 మందితో స్టడీ చేసి 2006లో ఫలితాలు వేశారంట. మూడేళ్లలో మామూలు సలహా గ్రూపులో నూటికి 55 మందికి షుగర్ వచ్చేసింది, తిండీ నడకా మార్చుకున్నవాళ్లలో 39 మందికే, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 40 మందికి. పక్కన ఆ 55 లేకపోతే ఈ 39 మంచిదో కాదో ఎట్లా తెలుస్తుందమ్మా అంది. మరి నేను నడవచ్చా అన్నా. నడువు, ఎవరూ వద్దనరు, వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పు చాలు అంది.

పొద్దున్నే ముప్పావుగంట నడుస్తున్నా, రాత్రి అన్నం సగానికి తగ్గించా. మొన్న ఆరు నెలల పరీక్షలో రెండు గంటలది 149 వచ్చింది, ఇంకా బార్డరే.

అన్నయ్య నెల్లూరులో ఇప్పటికీ పరగడుపుదొక్కటే చేయించుకుంటున్నాడు, నాకేం లేదమ్మా 98 అంటాడు. ఈ శనివారం వెళ్తున్నా, ల్యాబ్‌లో ఆ రెండు గంటలూ పక్కనే కూర్చుని రెండో రక్తం ఇప్పించే వస్తా.